గుడివాడ మేడెక్కిన సర్వరు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా పెరట్లో చినుకు పడితే బందరంతా తడిసిందంటాను. బందరు తడిస్తే సముద్రం నిండి పొర్లిందంటాను. మా ఆవిడ ఈ జబ్బుకు ఒక లెక్క కనిపెట్టింది. నేను పది అంటే ఆవిడ రెండు అని వింటుంది, ఎవరూ చూడలేదంటే వీధంతా చూసిందనుకుంటుంది. చదివేవారు కూడా ఆ లెక్కే పాటిస్తే ఇద్దరికీ సుఖం. ఈ కథలో పెంచినవి కాక, పూర్తిగా నా సొంత తయారీ ఏదో చివర్లో నేనే విడదీసి చూపిస్తాను.

ఈ మధ్య దూరపు బంధువొకాయన ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేసి వెబ్ హోస్టింగ్ రీసెల్లింగ్ పెట్టుకుందామనుకుంటున్నాడట. దిగేముందు ఏమేం ఆలోచించుకోవాలండీ, మీరు అనుభవజ్ఞులు కదా అన్నాడు. ముందు మీ ఇల్లు రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి అన్నాను. ఆయన మర్యాద కోసం నవ్వాడు. నేను నవ్వించడానికి అన్న మాట కాదది. ఎందుకన్నానో చెప్పాలంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలోకి, మా వీధి గదిలోకి వెళ్లాలి.

అప్పుడు నాకు బందరులో డీటీపీ షాపు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, దినం కార్డులు. అంటే మనిషికి కావలసిన అచ్చుపని మొత్తం. కానీ నాకు కాలు నిలవదు. పొద్దున షాపు తెరిచిన గంటకే ఈ ఊరికి కొత్తగా ఏం తేవాలా అని అరికాళ్లు దురద పెట్టేవి. అలా దురద పెట్టిన ఒకరోజు హోస్టింగ్ తెచ్చాను.

తెలియనివారి కోసం చెబుతాను. ఎక్కడో ఒక పెద్ద కంప్యూటరు రాత్రీ పగలూ వెలుగుతూ ఉంటుంది. దాన్ని సర్వరంటారు. జనాల వెబ్‌సైట్లన్నీ అందులో కాపురముంటాయి. ఆ కంప్యూటరు కొనే తాహతు మనకుండదు గనక, అందులో ఒక మూలను టోకున అద్దెకు తీసుకుని, ఆ మూలను జానెడు జానెడు ముక్కలు చేసి చిల్లరగా అద్దెకిస్తాం. అదే రీసెల్లింగ్. ఇల్లు మనది కాదు, తాళంచెవి మనది కాదు, కప్పు కారితే తిట్లు మాత్రం పూర్తిగా మనవి.

నేను మూల తీసుకున్నది హైదరాబాదులో ఒక కంపెనీ దగ్గర. దాని పేరులో నాలుగు ఇంగ్లీషు మాటలుండేవి, అందులో ఒకటి గ్లోబల్. కంపెనీలో మాత్రం ఒక్కడే ఉండేవాడు. మెత్తటి మనిషి. ఏది అడిగినా అవుతుంది సార్ అనేవాడు. అంత మెత్తగా ఎందుకున్నాడో నేను ఆలోచించలేదు. పైగా నా కరపత్రాల్లో అన్నీ అన్‌లిమిటెడ్ అని అచ్చు వేయించాను. ఆ ధైర్యం నాకు గుడివాడ బస్టాండు దగ్గర మెస్సు నేర్పింది. అక్కడ అన్నం ఎంతైనా అని బోర్డు పెడతారు. అందరూ రెండోసారికే చేయి అడ్డం పెడతారు గనక ఆ బోర్డు నడుస్తుంది. చేయి అడ్డం పెట్టని వాడొకడు వచ్చి కూర్చుంటే ఏమవుతుందో నేను బోర్డు రాసేటప్పుడు అడగలేదు.

ఇంకో చిక్కుంది. మా వైపు ఖాతాదారుడు అనే మాట నోటికి రాదు. రెండోసారి గుమ్మం ఎక్కినవాడు బావ, మూడోసారి ఎక్కినవాడు మావయ్య. ఖాతాదారుడికైతే షాపు వేళలుంటాయి. మావయ్యకు వేళలేముంటాయి? స్నానాల గదిలో ఉన్నా మా ఆవిడ తలుపు కొట్టి, మీ ఫలానా మావయ్య గారి ఈమెయిలు వెళ్లడం లేదట అని చెప్పేది. ఒళ్లంతా సబ్బుతో ఫోనెత్తి సలహా చెప్పిన హోస్టింగ్ కంపెనీ ప్రపంచంలో నాదొక్కటే అయ్యుంటుంది.

వీధి గదిలో ఒక యూపీఎస్ ఉండేది. బందరు కరెంటును నమ్ముకుంటే పెళ్లయి పిల్లలు పుట్టాక గానీ శుభలేఖ చేతికి రాదు గనక, పెద్ద బ్యాటరీలు ఇనుప పెట్టెలో బిగించి పెట్టించుకున్నాను. ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదెంత ఉండేది. దానికో ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం, రోజంతా ఒకటే గురక.

మా వైపు జనానికొక పద్ధతుంది. సరుకు కళ్లతో చూడందే బేరం తెగదు. ధాన్యం బస్తాలో మోచేతి దాకా చేయి పెడతారు. చేప మొప్ప ఎత్తి చూస్తారు. అలాంటివాళ్లకు జాగా అద్దెకిచ్చానని చెబితే, ఏదీ, చూపించు అంటారు. దివిసీమ నుంచి, అవనిగడ్డ అవతల పల్లె నుంచి, ఒక టీచరమ్మ గారు అందుకోసమే బస్సెక్కి వచ్చారు. రిటైరయ్యి చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. ఆ బృందం ఫొటోలు, పాటల పుస్తకం పెట్టుకోవడానికి నా దగ్గర సైటు చేయించారు. మంచినీళ్లు తాగి, చెంగుతో మొహం తుడుచుకుని, మా సైటు ఏ గదిలో ఉంది బాబూ అని అడిగారు.

అమెరికాలో ఉందండీ అన్నాను.

“పెద్దదాన్ని, ఇంత దూరం వస్తే నాతో పరాచికాలాడొచ్చా?” అన్నారు.

గది నాలుగు మూలలా చూశారు. ఆ గదిలో ఆవిడ సైటుకు తగినంత గంభీరమైన వస్తువు ఒక్కటే కనిపించింది. దాని మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని, తుఫానుల నుంచీ దొంగల నుంచీ దాన్ని కాపాడమని నెమ్మదిగా ప్రార్థన చేశారు. ఆఖర్న నేను కూడా ఆమెన్ అన్నాను. యూపీఎస్ గురక పెట్టింది. అది కూడా ఆమెన్ అన్నట్టే ఉంది.

ఆ తర్వాత ఎవరడిగినా నేను అదే చెప్పాను. సర్వరు ఇక్కడ లేదండీ, ఇవి బ్యాటరీలండీ అని. జీవితంలో గోరంత కూడా పెంచకుండా నేను చెప్పిన నిజం అదొక్కటే. దాన్నే ఎవరూ నమ్మలేదు. అందరికంటే గట్టిగా నమ్మనివాడు చిలకలపూడి మావయ్య.

ఈయనకూ మాకూ చుట్టరికమేమీ లేదు. నన్ను అల్లుడూ అంటాడు. ఆయనకు కూతుళ్లు లేరు, ఉన్నా మా ఆవిడ ఊరుకోదు. రోల్డుగోల్డు నగల పని. మనిషి పొట్టి, మాట పొదుపు. ఉంగరాల నుంచి వడ్డాణాల దాకా నమూనాలన్నీ ఫొటోలు తీయించి నా దగ్గర సైటులో పెట్టించాడు. ఆ ఫొటోలకే ఏడాది పట్టింది. పెట్టించిన రోజున వాటి సీడీ ఒకటి తనకిమ్మన్నాడు. ఎందుకు మావయ్యా, సర్వరులో భద్రంగా ఉంటే అన్నాను. ఆయన పనిలో ఒక కట్టుబాటు ఉందట. నగ దేశాలు దాటొచ్చు, నగ పోసిన అచ్చు మాత్రం ఇల్లు దాటకూడదు. అచ్చులన్నీ ఆయన మంచం పక్క బీరువాలో ఉంటాయి, తాళం మొలతాడుకు ఉంటుంది. ఫొటోలు కూడా అచ్చులేగా అన్నాడు. లోపల్లోపల నవ్వుకుంటూ సీడీ రాసిచ్చాను. నా కోసం ఇంకోటి రాసుకోవాలన్న ఆలోచన రాలేదు.

పెళ్లిళ్ల సీజనుకు ముందు ఉత్తరాది నుంచి ఒక టోకు వ్యాపారి ఏటా మనిషిని పంపి నమూనాలు ఏరుకునేవాడు. ఆ ఏడు మనిషిని పంపను, సైటులోనే చూసుకుంటాను, సోమవారం పొద్దున ఆర్డరు చెబుతాను అన్నాడు. ఆ ఆర్డరు వస్తే మావయ్య వీధిలో నగలకు రాళ్లు అతికే ఆడవాళ్లందరికీ సీజనంతా పని. రాకపోతే లేదు. ఆ మాట మావయ్య నాకు రెండుసార్లు చెప్పాడు. ఒక మాట రెండుసార్లు చెప్పడం ఆయనకు ఉపన్యాసంతో సమానం.

శనివారం మధ్యాహ్నం సైటు పోయింది.

మావయ్యది ఒక్కటే కాదు, నా దగ్గరున్నవన్నీ పోయాయి. తెల్లటి పేజీ, దాని మధ్యలో ఈ ఖాతా నిలిపివేయబడింది అని ఇంగ్లీషులో ఒక ముక్క. హైదరాబాదుకు ఫోన్ చేశాను. పైన ఏదో మారుస్తున్నారు సార్ అన్నాడు. పైన ఎవరు? మా ప్రొవైడర్ సార్. ఆ ప్రొవైడర్ పైన? అక్కడ ఆయన గొంతు మరింత మెత్తబడింది. ఆయన కూడా నాలాగే ఒక మూల అద్దెకు తీసుకున్నవాడని, ఆయనకు అద్దెకిచ్చినవాడు కూడా అద్దెవాడేనని అప్పుడు తెలిసింది. కాలవ చివర, సముద్రం ఒడ్డున శివారు పొలాల మధ్య పుట్టినవాణ్ని. మా ఊళ్లో ఎవరైనా ఎకరం కొనేముందు ఎగువన ఎన్ని తూములున్నాయని అడుగుతారు. నేను తూముల మాటే అడక్కుండా నాట్లు వేసేశాను.

ఆ సాయంత్రం నేను కూర్చున్న గుర్తు లేదు. ఫోను దగ్గరి నుంచి కంప్యూటరుకు, కంప్యూటరు నుంచి ఫోనుకు. మా ఇంటి గచ్చు మీద ఇప్పటికీ ఆ దారి అరిగి కనిపిస్తుంది. పేజీ మళ్లీ తెరిచే మీట మీద అక్షరాలు చెరిగిపోయాయి. టీ తాగాలనిపించేది, తెస్తే తాగబుద్ధయ్యేది కాదు. మా ఆవిడ కాసేపు చూసి, ఆ గదిలో తిరిగినంత దూరం తిన్నగా నడిచుంటే ఈపాటికి హైదరాబాదులో ఉండేవారు కదండీ అంది.

ఆదివారం పొద్దున్నే రేడియో వాయుగుండం అంది. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. గాలి మొదలైంది. ముందు కరెంటు పోయింది, తర్వాత ఫోను పోయింది. ఫోను పోతే నాకు ఇంటర్నెట్టూ లేదు, హైదరాబాదూ లేదు. గుమ్మంలో నిలబడి మురుగుకాలవలో నీళ్లు మెట్టు మెట్టూ ఎక్కడం చూస్తున్నాను. సోమవారానికి ఇంక ఒక్క పూటా ఒక్క రాత్రీ ఉంది. అప్పుడు వానను చీల్చుకుంటూ ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో మావయ్య, ఆయన పనివాళ్లిద్దరు, ధాన్యం మీద కప్పే బరకం ఒకటి.

“నీళ్లొస్తే సర్వరు మునిగిపోద్ది అల్లుడూ. గుడివాడలో మీ అక్కగారి మేడ మీదకి ఎక్కిద్దాం. లేపండి,” అన్నాడు.

ఉప్పెన సంగతి తెలిసిన జనం మావాళ్లు. వాయుగుండం అనే మాట చెవిన పడితే బియ్యం అటకెక్కుతాయి, కాగితాలు అటకెక్కుతాయి, కోళ్లు కూడా అటకెక్కుతాయి. ఆ వరసలో సర్వరు మేడెక్కడం వాళ్లకు వింతగా తోచలేదు.

“మావయ్యా, అవి బ్యాటరీలు. సర్వరు అమెరికాలో ఉంది.”

“కంగారులో ఉన్నావులే. ఆ కంప్యూటరు కూడా ఎక్కించండి, దానికి తోడుంటది.”

మా ఆవిడ తలుపు వెనక నుంచి, మనుషుల్ని కూడా ఎక్కించుకుంటారా, సర్వరొక్కదాన్నేనా బాబాయి గారూ అని అడిగింది. మీరు ముందు సీటమ్మా అన్నాడు మావయ్య. నేను వెనకాల బరకం కింద, గేదెను కావలించుకుని కూర్చున్నాను.

పెడన రోడ్డు మీద కాలవ పొర్లిందన్నారని పామర్రు మీదుగా బయల్దేరాం. ఆ గాలికి ఆటో మూడు చక్రాల మీద నడిచింది తక్కువ. ఒకచోట అది వెనక్కి వెళుతోందని నేను ప్రమాణం చేయగలను. పామర్రు సెంటర్లో టీ కోసం ఆపితే, బరకం కింద ఎర్ర దీపం చూసి ఒకాయన, ఏంటండీ తీసుకెళ్తున్నారు అని అడిగాడు. పనివాళ్లలో ఒకడు తాపీగా, ఇంటర్నెట్టండి అన్నాడు. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఇంటర్నెట్టును బందరు నుంచి గుడివాడకు మార్చేస్తున్నారన్న కబురు సెంటరంతా పాకింది. ఒక పెద్దమనిషి, ఎప్పుడూ ఇంతే, ఏదొచ్చినా బందరుకు నిలవనివ్వరు అని బాధపడ్డాడు.

పామర్రులో ఫోన్లు పనిచేస్తున్నాయి. ఎస్టీడీ బూత్‌లో దూరి హైదరాబాదుకు కొట్టాను. ఈసారి మెత్తటి మనిషి వెంటనే ఎత్తాడు. కొత్త సర్వరు దొరికింది సార్, మీ సైట్ల పేర్లన్నీ అటు తిప్పేశాం, జాగా రెడీ అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. పాత ఫైళ్లు మాత్రం రావు సార్, మీ బ్యాకప్ ఎక్కించేసుకోండి అన్నాడు. లేచొచ్చిన ప్రాణం మళ్లీ పడుకుంది.

బూత్‌లోంచి బయటకొచ్చి మావయ్యకు చెప్పాను. జాగా ఉంది, బొమ్మలు లేవు. నా దగ్గర నకలు లేదు. ఆయన చొక్కా పైగుండీ విప్పి, లోపల బనీను పక్క నుంచి, పాల ప్యాకెట్ల కవరులో చుట్టిన సీడీ తీశాడు.

“అచ్చు ఇల్లు దాటకూడదు. వానొచ్చిందని దాటించా,” అన్నాడు.

గుడివాడలో కూడా కరెంటు లేదు. అక్కయ్య మా అవతారాలు చూసి తువ్వాళ్లు తెచ్చింది, మేడ మీదకు ఎక్కుతున్న గేదెను చూసి నా మొజాయిక్ జాగ్రత్తరోయ్ అంది. మెట్ల మలుపులో అది ఇరుక్కుంటే నలుగురం కలిసి, ప్రసవం చేయించినట్టు బయటికి లాగాం. కంప్యూటరు దానికి తగిలించి మీట నొక్కితే పచ్చ దీపం వెలిగింది. ఊరంతా మబ్బు చీకటి, మా అక్కయ్య మేడ మీద మాత్రం ఒక తెర తెల్లగా వెలుగుతోంది. ఫోను తీగకు మోడెమ్ తగిలించాను. అది కాసేపు కీచుమని ఏడ్చి, కాసేపు గొంతు సవరించుకుని, కలిసింది.

వరసలో మొదటిదాని నుంచి బొమ్మలు ఎక్కించబోతుంటే మావయ్య నా భుజం మీద చేయి వేశాడు.

“ముందు రాళ్ల హారాలు ఎక్కించు. తర్వాత వడ్డాణాలు, జుంకీలు. గొలుసులు ఆఖర్న.”

గొలుసులే కదా ఎక్కువ అమ్ముడయ్యేవి అన్నాను.

“అమ్ముడవుతాయి. మిషను మీదొస్తాయి అవి. వాటికి ఆడమనిషి చెయ్యి అక్కర్లేదు.”

హారాల నుంచే మొదలుపెట్టాను. ఒక్కో బొమ్మ ఎక్కడానికి ఒక్కో కాశీయాత్ర పట్టింది. ఎంత ఎక్కిందో చూపే గీత తెర మీద కొంచెం కదిలేది, ఆగేది, ఆలోచించేది, మళ్లీ కదిలేది. నా మోకాలు ఎంత ఊగిందంటే కింద వంటింట్లో గిన్నెలు మోగాయని అక్కయ్య పైకొచ్చి చూసింది. ఎవరూ ఫోను ముట్టుకోకుండా మా ఆవిడ దాని పక్కనే కాపలా కూర్చుంది. హారాలు ఎక్కాయి. వడ్డాణాలు ఎక్కాయి. జుంకీలు సగంలో ఉండగా యూపీఎస్ కూత మొదలెట్టింది. మొదట నిమిషానికోసారి, తర్వాత ఊపిరికోసారి. ఆఖరి జుంకీ ఎక్కాక సైటు తెరిచి చూశాం. ఉంది. మావయ్య తెరకు ముక్కు ఆనించి, తన హారంలో ఎర్రరాళ్లు ఎర్రగానే ఉన్నాయో లేదో చూసుకున్నాడు. గొలుసుల్లో మొదటిది సగం ఎక్కుతుండగా పచ్చ దీపం ఆరిపోయింది. గేదె గురక ఆగింది. అప్పటికింకా సందె వెలుగు పూర్తిగా పోలేదు.

సోమవారం పొద్దున మావయ్య మా అక్కయ్య ఇంటి మెట్ల మీద, ఫోను తీగ అందినంత దూరం లాక్కుని కూర్చున్నాడు. బందరు ఫోన్లు లేవలేదు గనక టోకు వ్యాపారికి అక్కయ్య ఇంటి నంబరే చెప్పించాం. ఇడ్లీ పెడితే ముట్టుకోలేదు. నేను మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆయన ఆకలి కూడా పెంచేశాననుకుంటాను. ఫోను మోగింది. మావయ్య తనకొచ్చిన కాస్త హిందీతో చాలాసేపు విన్నాడు. ఈ ఏడాది గొలుసులు చేయడం లేదా అని అవతలివాడు అడిగినట్టున్నాడు. లేదండీ, ఈ ఏడాది రాళ్ల పని మీదే ఉన్నాం అని ఈయన జవాబు. పెట్టేశాక మా ఆవిడ వైపు తిరిగి, ఆ ఇడ్లీ ఇట్టా పెట్టమ్మా అన్నాడు. ఆర్డరు వచ్చిందని మాకు అలా తెలిసింది.

నీళ్లు మా వీధి గది గుమ్మం దాకా వచ్చి, లోపల ఎవరూ లేరని వెనక్కి వెళ్లిపోయాయి. మరుసటి వారం టీచరమ్మ గారు బస్సెక్కి వచ్చారు. మా సైటు తడవలేదు కదా బాబూ అన్నారు. పాటల పుస్తకం ఆవిడ ఇంట్లో నోటుపుస్తకంలో ఉంది గనక మళ్లీ కూర్చుని టైపు కొట్టాను. ఫొటోలకు ఆవిడే ఆల్బమ్ తెచ్చారు. ఊళ్లో అందరి దగ్గరా నకళ్లున్నాయి, నా దగ్గర తప్ప.

అందుకని ఆ బంధువుకు ఇలా చెప్పాను. ఎగువన ఎన్ని తూములో అడగండి. అన్నం ఎంతైనా అని బోర్డు రాసేముందు బియ్యం ఎవరిదో కనుక్కోండి. అచ్చు మీ ఇంట్లో పెట్టుకోండి. సోమవారం పొద్దున ఎవరి పని ఆగిపోతుందో తెలుసుకుని వాళ్లవి ముందు ఎక్కించండి. ఇవన్నీ అయ్యాక కూడా నిద్ర పడుతుందని మాత్రం నేను హామీ ఇవ్వను, నాకు పట్టలేదు. ఆయన అన్నీ రాసుకుని, మరి ఇల్లు ఎత్తు సంగతి అన్నాడు. అప్పుడు ఈ కథంతా చెప్పాల్సి వచ్చింది.

ఇక మాటిచ్చిన సంగతి. ప్రార్థన నిజం. పామర్రులో ఇంటర్నెట్టు మారుస్తున్నారన్న కబురు నిజం. గేదెను మీరు దూడ చేసుకోండి, ఆ రోజు గాలిని సగం చేసుకోండి. పూర్తిగా నా సొంత తయారీ ఒక్కటే, మావయ్య ఆ పెట్టెను సర్వరనుకోవడం.

ఆయన అలా ఎప్పుడూ అనుకోలేదు. పూత పనికి రోజంతా కరెంటుతోనే కాపురం చేసే మనిషి, బ్యాటరీని ఎరగడా? సర్వరు ఇక్కడ లేదు మావయ్యా, నేను మధ్యవాణ్ని అని మొదటిరోజు నేను చెబితే, అయితే నీదీ కవరింగ్ పనే అన్నమాట అన్నాడు. కవరింగని చెప్పి అమ్మినంతకాలం తల దించుకోనక్కర్లేదు అల్లుడూ అని కూడా అన్నాడు. ఆ ఆదివారం మా గుమ్మంలో వానకు తడుస్తూ ఆయన నిజంగా అన్న మాట ఇది: “గుడివాడలో ఫోనుందంట, కరెంటు లేదంట. బ్యాటరీలు పట్టుకుపోదాం పద.”

ఇంత తెలివైన మాట ఆయన చేత అనిపిస్తే, ఆ గుమ్మంలో తెలివితక్కువవాడు ఇంకెవరో మీకు వెంటనే తెలిసిపోతుంది. అందుకని మార్చాను.